పాత మునసబు కోర్టు దావా కాగితాలు: తీర్పు ఒక్కటే తెచ్చుకుని ఆగిపోకండి

మీ ప్రశ్నను రెండుసార్లు జాగ్రత్తగా చదివాను. మీ ముత్తాతగారికీ ఆయన అన్నగారి కొడుకులకూ మధ్య 1930 ప్రాంతంలో పంపకాల దావా నడిచిందనీ, ఊరు రేపల్లె తాలూకాలోదనీ, దావా నంబరు గాని కోర్టు పేరు గాని ఇంట్లో ఎవరికీ తెలియవనీ, చేతిలో ఉన్నదల్లా 1948 నాటి ఒక క్రయ దస్తావేజు మాత్రమేననీ రాశారు. మీ అమ్మమ్మగారి పుట్టింటివారికి మునగాల పరగణాలో శిస్తు విషయమై జమీందారుతో వ్యాజ్యం ఉండేదని విన్నట్టు కూడా రాశారు. ఈ రెండింటి కాగితాలు ఇప్పటికీ దొరుకుతాయా, దొరికితే వాటిలో ఏముంటుంది అని అడిగారు. నేను కోస్తా జిల్లాల సివిల్ కోర్టులలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, అందులో చాలా కాలం రికార్డు రూములలోనే గడిపి రిటైరయ్యాను కాబట్టి, తెలిసినంతవరకు వివరంగా రాస్తాను.

ముందుగా ఒక మాట. పాత దావాల కోసం వచ్చేవారిలో ఎక్కువమంది తీర్పు నకలు, డిక్రీ (తీర్పును బట్టి అమలుకు వీలుగా రాసిన కోర్టు ఉత్తర్వు) నకలు తీసుకుని తృప్తిగా వెళ్లిపోతారు. ఆస్తి హక్కు రుజువు చేసుకోవడానికి అవి చాలు. కాని మీకు కావలసింది ఆస్తి కాదు, మీ కుటుంబం ఆ రోజుల్లో ఎలా బతికిందన్న సంగతి. అది తీర్పులో ఉండదు. తీర్పులో ఎవరు గెలిచారో, ఏ ఇష్యూ (కోర్టు విచారణకు తీసుకున్న వివాదాంశం) మీద గెలిచారో మాత్రమే ఉంటుంది. ఇల్లు, పొలం, అప్పులు, ఆడపడుచుల పసుపుకుంకుమల భూములు, వితంతువుల మనోవర్తి, ఇరుగుపొరుగువారి మాటలు, ఇవన్నీ దావా అర్జీ షెడ్యూళ్లలోనూ, సాక్షుల వాంగ్మూలాలలోనూ, కమిషనరు (భూమి కొలవడానికి కోర్టు పంపే మనిషి) రిపోర్టులోనూ, అమీను (జప్తు చేసే కోర్టు ఉద్యోగి) రిపోర్టులోనూ ఉంటాయి. చిక్కు ఏమిటంటే, రికార్డు రూములో ముందుగా నాశనమయ్యేవి కూడా అవే. 1917 నాటి రికార్డుల విధ్వంస చట్టం కింద హైకోర్టులు నియమాలు చేశాయి. వాటి ప్రకారం దావా రిజిస్టర్లు, తీర్పులు, డిక్రీలు ఎక్కువ కాలం ఉంటాయి. వకాల్తాలు, సమన్లు, చిల్లర అర్జీలు ముందు పోతాయి, తరువాత తక్కిన కట్ట వంతు వస్తుంది. కాబట్టి మొదటి దరఖాస్తులోనే "తీర్పు నకలు కావాలి" అని రాయకండి. "దావా కట్ట మొత్తంలో ప్రస్తుతం ఏయే కాగితాలు భద్రంగా ఉన్నాయో తెలియజేయగోరుతున్నాను" అని రాయండి. ఈ ఒక్క వాక్యం వల్ల పని ఎంత మారుతుందో నేను చాలాసార్లు చూశాను.

ఇక ఏ కోర్టు అన్నది. ఇక్కడే చాలామంది నెలల తరబడి తిరుగుతారు, ఎందుకంటే వారు ఊరు ఇప్పుడున్న జిల్లాను బట్టి వెతుకుతారు. మీ ఊరు ఈ రోజు బాపట్ల జిల్లాలో ఉంది, కాని ఆ జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. దానికి ముందు అది గుంటూరు జిల్లా. 1904లో గుంటూరు జిల్లాను తిరిగి విడదీయకముందు, అంటే 1859 నుంచి 1904 దాకా, అది కృష్ణా జిల్లాలో భాగం. దాని జిల్లా కోర్టు మచిలీపట్నంలో ఉండేది. మీ ముత్తాతగారి దావా 1930 నాటిది కాబట్టి గుంటూరు జిల్లా కోర్టు పరిధిలోనే వెతకాలి. అయితే ఆ దావాలో ఎగ్జిబిట్టుగా, అంటే సాక్ష్య పత్రంగా, పెట్టిన 1890ల నాటి పాత డిక్రీ ఏదైనా ఉంటే, దాని మూలం మచిలీపట్నం వైపు ఉండవచ్చు. ఇలాంటి తికమక మీ జిల్లాకే పరిమితం కాదు. అనంతపురం 1882లో బళ్లారి నుంచీ, చిత్తూరు 1911లో ఉత్తర ఆర్కాటు నుంచీ, పశ్చిమ గోదావరి 1925లో కృష్ణా నుంచీ వేరుపడ్డాయి. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరులో ఉండి, అప్పటి నుంచి 1970 దాకా గుంటూరులో ఉంది. ఊరి పేరు చెప్పగానే జిల్లా చెప్పేయడం కాకుండా, ఏ సంవత్సరంలో ఏ జిల్లా అని అడగడం అలవాటు చేసుకోవాలి.

జిల్లా తేలిన తరువాత కోర్టు స్థాయి చూడాలి. 1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టం ప్రకారం జిల్లా జడ్జి కింద సబార్డినేట్ జడ్జి, ఆయన కింద జిల్లా మునసబు ఉండేవారు. మునసబు కోర్టు విచారించగలిగిన దావా విలువ ఆ చట్టం వచ్చినప్పుడు 2,500 రూపాయలు, తరువాత పెంచారు. అందుచేత నాలుగైదు ఎకరాల పంపకమైతే మునసబు కోర్టులోను, పెద్ద ఉమ్మడి ఆస్తి అయితే సబ్ కోర్టులోను దావా పడి ఉంటుంది. మీ ఇంట్లో పెద్దలు "మునసబు" అన్న మాట వాడినా దానిని పూర్తిగా నమ్మకండి, ఎందుకంటే ఊరి అధికారి అయిన గ్రామ మునసబు వేరు. 1889 నుంచి అమలైన గ్రామ న్యాయస్థానాల చట్టం కింద గ్రామ మునసబు కూడా చిన్న చిన్న బాకీల దావాలు తేల్చేవాడు, కాని పంపకాల దావా ఆయన దగ్గరకు పోదు. ఇప్పటి పేర్లలో మునసబు కోర్టు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు అయింది, సబ్ కోర్టు సీనియర్ సివిల్ జడ్జి కోర్టు అయింది. గుమస్తాలలో కుర్రవారికి పాత పేర్లు తెలియకపోవచ్చు కాబట్టి దరఖాస్తులో రెండు పేర్లూ రాయండి.

నంబరు తెలియకపోవడం మీరు అనుకున్నంత పెద్ద అడ్డంకి కాదు. మీ దగ్గర ఉన్న 1948 నాటి క్రయ దస్తావేజును తీసి, "యీ ఆస్తి మాకు సంక్రమించిన వైనం" అని చెప్పే భాగం చదవండి. పంపకాల దావాలో వచ్చిన భూమిని అమ్మేటప్పుడు ఆ రోజుల్లో దస్తావేజు రాసేవారు "ఫలాని కోర్టు ఓ.యస్. నెంబరు ఇంత, ఫలాని సంవత్సరపు ఫైనల్ డిక్రీ ప్రకారము మా వాటాకు వచ్చి మా స్వాధీనానుభవములో యుండి" అని రాయడం మామూలు. ఓ.యస్. అంటే అసలు దావా. ఆ ఒక్క పంక్తి దొరికితే కోర్టు, నంబరు, సంవత్సరం మూడూ తెలిసిపోతాయి. మీ దస్తావేజులో లేకపోతే, ఎదుటి పక్షంవారు తమ వాటాను అమ్మిన దస్తావేజులలో ఉండవచ్చు. వాటి నకళ్లు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఒకటో పుస్తకంలో (స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే రిజిస్టరు) శాశ్వతంగా ఉంటాయి. 1983కు ముందువాటిని కంప్యూటరులో కాక పేర్ల ఇండెక్సులో చేతితో వెతికించాలి. ఇంకో సంగతి, కోర్టు వేలంలో భూమి పోయిన పక్షంలో సేల్ సర్టిఫికెట్టు ప్రతిని కోర్టువారు సబ్‌రిజిస్ట్రారుకు పంపాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది, ఆ ప్రతి కూడా ఒకటో పుస్తకంలోనే చేరుతుంది. కోర్టు కట్ట పురుగు తినేసినా ఈ ప్రతి మిగిలి ఉండడం నేను ఎరుగుదును.

దావా అప్పీలుకు వెళ్లి ఉంటే ఇంకో దారి ఉంది. సెకండ్ అప్పీలు మద్రాసు హైకోర్టు దాకా వెళ్లి, అందులో ధర్మశాస్త్ర సంబంధమైన అంశం ఏదైనా తేలి ఉంటే, ఆ తీర్పు 1891లో మొదలైన మద్రాస్ లా జర్నల్‌లోనో, 1914లో మొదలైన ఆల్ ఇండియా రిపోర్టర్ మద్రాసు సంపుటాలలోనో అచ్చయి ఉండవచ్చు. అచ్చయిన తీర్పు మొదట్లో కింది కోర్టుల పేర్లు, అప్పీలు నంబరు, అసలు దావా నంబరు వరసగా ఇస్తారు. జిల్లా కేంద్రంలోని బార్ అసోసియేషన్ గ్రంథాలయాలలో ఈ సంపుటాలు ఉంటాయి, కక్షిదారుల పేర్ల పట్టికలో మీ ఇంటిపేరు చూడడానికి ఒక పూట పడుతుంది. ఆంధ్ర హైకోర్టు గుంటూరులో 1954 జూలై 5న మొదలైంది కాబట్టి, అంతకుముందు తేలిపోయిన అప్పీళ్ల గురించి మద్రాసు హైకోర్టులోనే విచారించాలి.

ఈ దారులేవీ పనిచేయకపోతే దావా రిజిస్టరే శరణ్యం. కోర్టులో దాఖలైన ప్రతి దావాకూ సంవత్సరం వారీగా, నంబరు వారీగా అందులో ఒక వరస ఉంటుంది. వాది పేరు, ప్రతివాది పేరు, దావా దేనికి, విలువెంత, ఎప్పుడు తేలింది, అప్పీలు సంగతి, అమలు సంగతి ఒకే వరసలో అడ్డంగా రాసి ఉంటాయి. 1927 నుంచి 1935 దాకా తొమ్మిది సంవత్సరాల రిజిస్టర్లు తిరగేయడానికి అనుమతి అడగండి. వాది పేరే కాదు, ప్రతివాదుల గడి కూడా చూడాలి. పంపకాల దావాలలో మొదటి ప్రతివాది పేరు రాసి "మరి 7గురు" అని వదిలేసేవారు. మీ ముత్తాతగారు ఆ ఏడుగురిలో ఒకరై ఉండవచ్చు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో ఇంత పాతవి వెతికి ప్రయోజనం ఉండదు, కోర్టుకు మనిషి వెళ్లవలసిందే.

ఇప్పుడు కట్ట దొరికిందనుకుందాం. ముదురు రంగు అట్ట, మధ్యలో గుచ్చిన నూలు దారం, లోపల గోధుమరంగుకు తిరిగిన ఫుల్‌స్కేప్ కాగితాలు. మడతల దగ్గర విప్పబోతే రెండుగా విడిపోతాయి. దయచేసి మీరు విప్పకండి, రికార్డు కీపరును విప్పమనండి. పైన డాకెట్ షీటు మీద వాయిదాలు వరసగా ఉంటాయి. మీ ముత్తాతగారు ఎన్నిసార్లు ఎడ్లబండి కట్టుకుని కోర్టుకు వెళ్లి ఉంటారో ఆ వరస చెబుతుంది. తరువాత దావా అర్జీ, దాని వెనుక ఏ షెడ్యూలు, బి షెడ్యూలు, సి షెడ్యూలు. ఏ షెడ్యూలులో మాగాణి, మెట్ట, సర్వే నంబరుతో, విస్తీర్ణంతో, నాలుగు హద్దులతో ఉంటాయి. ఆ హద్దులను తేలికగా తీసుకోకండి. "తూర్పు: ఫలాని వారి పొలం, దక్షిణం: పంటకాలువ, పడమర: డొంక" అని రాసిన నాలుగు మాటలలో ఆనాటి మీ ఊరి పటం ఉంది. బి షెడ్యూలులో ఇల్లు, పశువుల కొట్టం, గడ్డివాములు, బండి, ఎడ్లు, ఇత్తడి సామాను ఉంటాయి. సి షెడ్యూలులో అప్పులు, రావలసిన బాకీలు.

వాంగ్మూలం దగ్గర కాసేపు ఆగండి. మొదటి పంక్తిలో సాక్షి పేరు, తండ్రి పేరు, కులం, వయసు, వృత్తి, ఊరు. తరువాత ప్రమాణం. తరువాత ముఖ్య విచారణ, ఎదురు విచారణ, మళ్లీ విచారణ. చివర చేవ్రాలు, లేదా నిశాని. ఒక పంపకాల దావాలో ఒక వృద్ధురాలి వాంగ్మూలం నేను చూశాను. ఆమె కోడలు ఉమ్మడి వంటింటి నుంచి ఎప్పుడు వేరుపడిందన్నది ప్రశ్న, ఎందుకంటే పంపకం అప్పటికే జరిగిపోయిందా లేదా అన్నది దాని మీద ఆధారపడి ఉంది. సంవత్సరం చెప్పమని వకీలు ఎన్నిసార్లు అడిగినా ఆమె సంవత్సరం చెప్పలేదు. పెద్ద గాలివాన వచ్చిన ఏడు, పాత వంటిల్లు కూలిన తరువాత, రెండో పొయ్యి పెట్టిన రోజు అని చెప్పింది. ఆ జవాబును గుమస్తా తెలుగులో యథాతథంగా రాసుకున్నాడు, కింద ఆమె బొటనవేలి ముద్ర నల్లగా మెరుస్తూ ఉంది. తీర్పులో ఆ జవాబుకు మిగిలింది "ఈ సాక్షి కాలనిర్ణయం చేయలేకపోయింది" అన్న అర్థం వచ్చే ఒక ఇంగ్లీషు వాక్యం మాత్రమే. కట్ట మొత్తం అడగమని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

అమలు అర్జీ కాగితాలు కూడా వదలవద్దు. డిక్రీ బాకీ కట్టకపోతే అమీను వచ్చి జప్తు చేసేవాడు, వేలానికి ముందు ఊళ్లో టముకు వేయించేవారు, ఆ తేదీలు, దగ్గరున్న సాక్షుల పేర్లు రిపోర్టులో ఉంటాయి. వంటపాత్రలు, కట్టుబట్టలు, వ్యవసాయదారుని ఎడ్లు, విత్తనపు ధాన్యం జప్తు చేయకూడదని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతుంది. కాబట్టి అమీను రాసిన జాబితాలో ఏమి ఉన్నాయో, ఏమి వదిలారో చూస్తే ఆ ఇంటి స్థితి తెలుస్తుంది. దావా 1938 తరువాత కూడా నడిచి ఉంటే, ఆ సంవత్సరపు మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం కింద అప్పు తగ్గించమని కోరిన అర్జీ కూడా కట్టలో ఉండే అవకాశం ఉంది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి బాకీపడిన వడ్డీని ఆ చట్టం రద్దు చేసింది. అలాంటి అర్జీలో ప్రోనోట్ల చరిత్ర అంతా తిరగరాసి పెడతారు, అసలు ఎంత, ఎన్నిసార్లు వడ్డీ కలిపి నోటు తిరగరాశారు అన్నది సహా.

ఎగ్జిబిట్ల విషయంలో మాత్రం ఆశ తగ్గించుకోండి. ఆ కాలపు మద్రాసు రాజధాని ఫైళ్లలో వాది పత్రాలకు ఏ, బి, సి అక్షరాలు, ప్రతివాది పత్రాలకు రోమన్ అంకెలు ఎక్కువగా కనిపిస్తాయి, ఏ-1, బి-1 అనే ఇప్పటి వాడుక తరువాత వచ్చింది. దావా తేలి అప్పీలు గడువు దాటాక పత్రాలు దాఖలు చేసినవారు వాటిని వాపసు తీసుకోవచ్చు కాబట్టి, కట్టలో చాలాసార్లు "వాపసు పుచ్చుకొన్నాను" అన్న సంతకం మాత్రమే మిగులుతుంది. అయినా తీర్పు చివర ఎగ్జిబిట్ల జాబితా ఉంటుంది. అందులో దస్తావేజు తేదీ, రాసినవారు, రాయించుకున్నవారు ఉంటారు కనుక, ఆ వివరాలతో సబ్‌రిజిస్ట్రారు దగ్గర నకలు తీసుకోవచ్చు.

ఒక హెచ్చరిక చేయాలి. దావా అర్జీలో ఉన్నదంతా నిజమని అనుకోకండి. పంపకాల దావాలో వాది ఎప్పుడూ కుటుంబం ఇంకా ఉమ్మడిగానే ఉందంటాడు, ప్రతివాది ఎప్పుడో నోటిమాటతో పంచుకున్నామంటాడు. ఇవి చట్టానికి కావలసిన మాటలు, వకీళ్లు రాసిన మాటలు. మీ ముత్తాతగారిని ఎదుటి పక్షం మోసగాడని రాసి ఉంటే మనసు కష్టపెట్టుకోవద్దు, అటువైపు వారిని మీ ముత్తాతగారి వకీలు కూడా అలాగే రాసి ఉంటాడు. వంశవృక్షం విషయంలో అర్జీనీ జవాబు దావానూ పక్కపక్కన పెట్టి చదవండి, ఇద్దరూ ఒప్పుకున్న భాగాన్ని ధైర్యంగా తీసుకోండి. వయసులు ఉజ్జాయింపుగా చెప్పినవి, ఐదారేళ్లు అటూ ఇటూ ఉంటాయి. ఇంకొకటి, పంపకాల దావాలో ముందు ప్రిలిమినరీ డిక్రీ వస్తుంది, అది వాటాలు మాత్రమే చెబుతుంది. కమిషనరు వచ్చి కొలిచి, ఎవరి చెక్క ఎక్కడో గుర్తించిన తరువాత ఫైనల్ డిక్రీ వస్తుంది, ఈ రెండింటి మధ్య చాలా ఏళ్లు గడవచ్చు. మీకు మొదట దొరికింది ప్రిలిమినరీ డిక్రీ అయితే వెతకడం ఆపవద్దు. కమిషనరు గీసిన ప్లాను ఫైనల్ డిక్రీతోనే ఉంటుంది, దానిలో మీ పాత ఇంటి వాకిలి, బావి, మధ్యగోడ, చెట్లు కూడా గుర్తించి ఉండవచ్చు.

మునగాల సంగతి పూర్తిగా వేరు. చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా మునగాల పరగణా బ్రిటిష్ వారి కృష్ణా జిల్లాలో భాగం, 1959లో గాని నల్లగొండ జిల్లాలో కలవలేదు, 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో ఉంది. అందువల్ల అక్కడి పాత కాగితాలు ఇంగ్లీషు, తెలుగులలో ఉంటాయి, పక్క ఊరి కాగితాలు ఉర్దూలో ఉంటాయి. శిస్తు వ్యాజ్యం 1908 తరువాతిదైతే అది సివిల్ కోర్టుకే వెళ్లి ఉండకపోవచ్చు. ఆ సంవత్సరపు మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం జమీందారుకూ రైతుకూ మధ్య శిస్తు దావాలను రెవెన్యూ కోర్టులకు అప్పగించింది. అంటే మీరు వెతకవలసింది మునసబు కోర్టు రికార్డు రూములో కాదు, కలెక్టరు కచేరీ రికార్డులలో, అదీ మొదట కృష్ణా జిల్లా వైపు. అక్కడ దొరికే పట్టాలు, రసీదులు ఫసలీ, అంటే శిస్తు లెక్కల, సంవత్సరాలతో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, 1340 ఫసలీ అంటే 1930 జూలై నుంచి 1931 జూన్ వరకు. నిజాం వైపు కాగితమైతే 590 లెక్క సరిపోతుంది గాని సంవత్సరం అక్టోబరులో ఆజూరు నెలతో మొదలవుతుంది, తేదీ లెక్కించేటప్పుడు మూడు నెలల తేడా పడుతుంది.

నకళ్ల కోసం మీరు దావాలో కక్షిదారులు కారు కాబట్టి, మూడో వ్యక్తిగా అఫిడవిట్‌తో అర్జీ పెట్టి న్యాయమూర్తి అనుమతి తీసుకోవాలి. "కుటుంబ చరిత్ర కోసం" అని ఒక్క మాటలో రాస్తే సందేహిస్తారు. ఫలాని కక్షిదారుకు నేను ఫలాని వరసలో వారసుడను అని వంశవృక్షం జతచేసి రాయండి. అమెరికా నుంచి మీరు రాలేకపోతే మీ బాబాయిగారి ద్వారా స్థానిక వకీలును పెట్టుకోండి, ఆ వకీలు పాత గుమస్తా ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లడం ఇంకా మంచిది. మే నెలలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులు, కాబట్టి ఏప్రిల్ మొదటి వారం దాటకుండా అర్జీ పెట్టించండి.

ముందుగా ఆ 1948 దస్తావేజు రెండో పేజీని, వెనుక రిజిస్ట్రేషన్ ముద్రలున్న వైపును ఫోటో తీసి, బతికి ఉన్నవారి పేర్లు కనిపించకుండా కప్పి ఇక్కడ పెట్టండి. గొలుసుకట్టు రాత చదవడం నాకు అలవాటే, కోర్టు పేరు, నంబరు అందులో ఉంటే చదివి చెబుతాను.